మా రోజుల్లో పిల్లల్ని ఊరే ఎత్తుకునేది

మధురవాడ నుంచి ఆర్కే బీచికి పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి ఇంత హంగామా ఏమిటమ్మా? ముందు ఫోనులో కారు పిలుస్తారు. అది వచ్చేలోగా సంచి సర్దుతారు. డైపర్లు, తడి కాగితాలు, రెండు జతల బట్టలు, మూత బిగించిన నీళ్ల సీసా, తినడానికి ఏవో బిస్కట్లు, ఇవన్నీ కాక వాడు ఏడవకుండా ఒక ఫోను. కారెక్కగానే అద్దాలు బిగించేస్తారు. వాడు ఆ ఫోనులో తల దూర్చి మళ్లీ బీచి దగ్గరే తల ఎత్తుతాడు. యెండాడ ఎప్పుడొచ్చిందో, జూ గేటు ఎప్పుడు దాటిందో, హనుమంతవాక దగ్గర కొండ ఎటు తిరిగిందో వాడికి తెలీదు. మొన్న మా మనవణ్ణి అడిగాను, ‘ఒరే, మనం ఏ దారిన వచ్చాం రా?’ అని. ‘కారులో వచ్చాం తాతా’ అన్నాడు. నాలుగేళ్లవాడు, వాణ్ణేమనగలం? నా కోపమంతా వాళ్ల అమ్మానాన్నల మీద. అంటే మీ మీదే. కూర్చుని వినండి, కాస్సేపు ఫోను పక్కన పెట్టి.

మేం పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, సాలిగ్రామపురంలో. ఇద్దరు మగపిల్లలు, ఏణ్ణర్ధం తేడా. ఎక్కడికెళ్లాలన్నా చిన్నవాడు వాళ్లమ్మ చంకలో, పెద్దవాడు నా చేతిలో, నా రెండో చేతిలో బట్టసంచి. అందులో ఒక తువ్వాలు, ఒక మరచెంబు, అంతే. సిటీ బస్సు కిటకిటలాడుతూ వచ్చేది. ఎక్కగానే మీరు ఇప్పుడు సీటు కోసం వెతుకుతారు. మేం వెతికేవాళ్లం కాదు, పిల్లలకి చోటు దానంతటదే దొరికేది. కూర్చున్న ఆవిడెవరో చేతులు చాచేది. ‘ఏటమ్మా అలాగ నిలబడిపోనావు, గుంటడ్ని ఇలాగియ్యి’ అనేది. అంతే, పిల్లాడు ఆవిడ ఒడిలోకి వెళ్లిపోయేవాడు. ఆవిడెవరో మాకు తెలీదు, మేమెవరో ఆవిడకి తెలీదు. ఓసారి పాతపోస్టాఫీసు నుంచి వస్తుంటే ఖాళీ చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ మా చిన్నవాణ్ణి అలాగే ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కాన్వెంట్ జంక్షన్ వచ్చేసరికి వాడు ఆవిడ కొంగు పట్టుకుని నిద్రపోయాడు. మా స్టాపులో దిగబోతుంటే ‘లేపకండి, మెల్లగా తియ్యండి’ అని మాకే జాగ్రత్తలు చెప్పింది. ఇంటికెళ్లాక వాడి చొక్కా చేపల వాసన. మా ఆవిడ ఉతికేసింది, ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు మీ పిల్లల్ని అలా ఎవరి ఒళ్లోనైనా ఇస్తారా? ఇవ్వరు. తెలియనివాళ్లు కదా అంటారు. తెలియనివాళ్లే రా నాయనా, ఊరంటేనే తెలియనివాళ్లు! వాళ్లలో ఒకరి ఒళ్లో కూర్చుని కిటికీలోంచి చూస్తేనే కదా మా వాళ్లకి కేజీహెచ్ డౌన్ ఏదో, కలెక్టరాఫీసు డౌన్ ఏదో నాలుగేళ్లకే తెలిసిపోయింది. పాతూరు వైపు బస్సు తిరిగితే మూడు కొండలూ లెక్కపెట్టేవారు, చర్చి కొండ, దర్గా కొండ, వెంకన్న కొండ అని.

టిక్కెట్టు దగ్గర మాత్రం ఎప్పుడూ తగువే. ఆర్టీసీలో అయిదేళ్ల లోపు పిల్లలకి టిక్కెట్టు లేదు, అయిదు నుంచి పన్నెండు దాకా అర టిక్కెట్టు. మా కండక్టర్లు తల్లిదండ్రుల్ని అడిగేవారు కాదు, పిల్లాణ్ణే అడిగేవారు. ‘బాబూ, ఏ క్లాసు చదువుతున్నావు?’ అని ముద్దుగా మొదలుపెట్టేవారు. పిల్లాడు గొప్పగా ‘ఒకటో క్లాసు’ అనేవాడు. ఇంకేముంది, అర టిక్కెట్టు చింపి చేతిలో పెట్టేవారు, బుగ్గ గిల్లి మరీ. ఆ చీటీని పిల్లాడు ఇల్లు చేరేదాకా గుప్పిట్లో దాచుకునేవాడు, నలిగి తడిసి ముద్దయినా వదిలేవాడు కాదు. మీ ఫోను టిక్కెట్లు దాచుకునే పిల్లాడు ఉన్నాడా?

బస్సు లేనిచోటికి రిక్షా. మన విశాఖ చదునైన ఊరు కాదు కదా, ఎటు తిరిగినా ఒక అప్పు, ఒక డౌను. అప్పు వచ్చిందంటే నేను దిగి వెనక నుంచి తోసేవాణ్ణి, ఇంకా కష్టమైతే మా ఆవిడా దిగేది. పిల్లలు మాత్రం పైనే మహారాజుల్లా కూర్చుని ‘ఇంకా తొయ్యి నాన్నా’ అని అరిచేవారు. బడికీ రిక్షానే. ఏడెనిమిది మంది పిల్లలు, అడ్డంగా వేసిన చెక్క మీద చిన్నవాళ్లు, చుట్టూ వేలాడే సంచులు. ఆ రిక్షా లాగే పెద్దాయనకి ఏ పిల్ల ఏ గుమ్మంలో దిగుతుందో, ఎవరి అమ్మ ఇంట్లో ఉండదో, ఎవర్ని పక్కింట్లో అప్పజెప్పాలో అంతా నోటికే వచ్చు. ఇప్పటి బడి బస్సు ఎక్కడుందో ఫోనులో చుక్క కదులుతూ కనిపిస్తుందట. కనిపించనీ. ఆ చుక్క మీ వాణ్ణి పక్కింట్లో అప్పజెబుతుందా?

అయితే రిక్షా లాగిన మనిషి వీపు గురించి మీరు అడిగితే నేను నోరెత్తలేను. ఆ బతుకు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. నేను అనేది మనిషి గురించి, బండి గురించి కాదు.

పిల్లాడికి ఊరు చూపించడం మొదలయ్యేదే బురుజుపేటలో. కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పసిగుడ్డుని పడుకోబెట్టి, పసుపు నీళ్లు చల్లి తీసుకురావడం మన విశాఖ ఇళ్లలో ఆనవాయితీ. ఆ సందుల్లోకి బస్సు రాదు, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. పూర్ణా మార్కెట్టు దగ్గర దిగి నడవాలి. మార్గశిర లక్ష్మివారమైతే ఇసకేస్తే రాలని జనం. అయినా చంకలో పసిబిడ్డ ఉందంటే చాలు, జనమే దారి విడిచేవారు. ‘పిల్లతల్లి, పిల్లతల్లి’ అని ముందువాళ్లు వెనకవాళ్లకి చెప్పుకుంటూ పక్కకి జరిగేవారు. ఆ అమ్మవారు 1912లో అక్కడి బావిలో దొరికిందని చెబుతారు. 1917లో రోడ్డు వెడల్పు చెయ్యాలని మునిసిపాలిటీ వాళ్లు విగ్రహాన్ని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు ప్రబలిందనీ, మళ్లీ తెచ్చి పాతచోటే నిలిపాక గానీ తగ్గలేదనీ మా నాన్నమ్మ చెప్పేది. ఇప్పటికీ తల్లికి పైకప్పు లేదు, ఎండా వానా ఆవిడ మీదే. రోడ్డు వెడల్పు అన్న మాట నేను విన్నప్పుడల్లా ఆ కథే గుర్తొస్తుంది. ఈ ఊళ్లో రోడ్డు వెడల్పు ఆపగలిగింది ఆ తల్లి ఒక్కతే. మిగతా అన్నిచోట్లా రోడ్డు పెరిగింది, పిల్లాడు నడిచే చోటు తరిగింది.

సాలిగ్రామపురం పక్కనే పోయే హైవేనే చూడండి. మా రోజుల్లో దాన్ని ఎన్‌హెచ్ 5 అనేవాళ్లం, ఇప్పుడు 16 అంటున్నారు, ఆ నంబరు కూడా ఉండనివ్వలేదు. పెద్దవాడి చెయ్యి పట్టుకుని గట్టున నిలబడేవాణ్ణి. లారీ ఒకటి వచ్చేది, పోయేది. మళ్లీ ఇంకోటి వచ్చేలోగా ‘పద’ అంటే ఇద్దరం నడిచి దాటేవాళ్లం, పరుగు లేదు. ఇవాళ అదే చోట మనవణ్ణి ఎత్తుకుని నిలబడితే అటు కంటైనర్ ట్రాలీలు, ఇటు కార్లు, మధ్యలో తప్పుడు దారిలో వచ్చే మోటారు సైకిళ్లు. గాజువాక నుంచి మద్దిలపాలెం మీదుగా మధురవాడ దాకా ఊరిని నిలువునా చీల్చుకుంటూ పోతుంది ఆ రోడ్డు. అవతల గట్టున బడి ఉంటుంది, ఇవతల ఇల్లు. ఎన్‌ఏడీ దగ్గర అంత పెద్ద ఫ్లైఓవరు కట్టారు, సంతోషమే, బళ్లు గాలిలో తేలిపోతున్నాయి. కింద చంటిపిల్లతో నిలబడ్డ తల్లికి ఏం ఒరిగింది?

ఫుట్‌పాత్ మీద నడవమంటారా? మా కోడలు చక్రాల బండి కొంది మా మనవరాలికి, కూర్చోబెట్టి తోసేది. అమెరికాలో ఉండే మా చిన్నవాడు పంపిన ఫొటోల్లో చూసి ముచ్చటపడింది పాపం. మొదటిరోజే నేనూ వెంట వెళ్లాను. గేటు దాటగానే ఫుట్‌పాత్ మోకాలెత్తు, బండి ఎత్తి పైన పెట్టాం. నాలుగడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్, దించాం. మళ్లీ ఎక్కించాం, బడ్డీ కొట్టు. మళ్లీ దించాం. తర్వాత పలక విరిగిపోయి కాలవ నోరు తెరుచుకుని ఉంది. ఆ తర్వాత వరసగా మోటారు సైకిళ్లు. చివరికి బండి నేను మోశాను, పిల్లని కోడలు ఎత్తుకుంది. ఇప్పుడా బండి సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోతోంది. అయ్యా, ఏడాదిన్నర పిల్ల వంద గజాలు నేరుగా వెళ్లలేని ఊళ్లో ఎన్ని వంతెనలు కడితే ఏం లాభం?

నీడ సంగతి వేరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో ఈ ఊరి చెట్లని కూలదోసింది. అంతకుముందు ఏ స్టాపులో నిలబడినా పైన ఒక చింతో, వేపో, నిద్రగన్నేరో ఉండేది. పిల్లలు కింద కాయలేరుకుంటూ ఉంటే బస్సు అరగంట ఆలస్యమైనా తెలిసేది కాదు. ఆ తర్వాత మొక్కలు నాటారు, కొన్ని బాగానే ఎదిగాయి, కాదనను. కానీ స్టాపు ఉన్నచోట చెట్టు లేదు, చెట్టున్నచోట స్టాపు లేదు. మే నెలలో ఆ ఇనప బల్ల మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి చూడండి.

ఇక స్కూటరు. పెద్దవాడు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకునేవాడు, చిన్నవాణ్ణి ఒళ్లో వేసుకుని మా ఆవిడ వెనక పక్కకి తిరిగి కూర్చునేది. ఆదివారం అలా జూకి వెళ్లేవాళ్లం. జూ తెరిచింది 1977లో, మా పిల్లలూ అదీ కలిసే పెరిగారు. ఎవరి తలకీ హెల్మెట్ లేదు. 2023 నుంచి తొమ్మిది నెలలు మొదలు నాలుగేళ్ల దాకా పిల్లలకి కూడా హెల్మెట్ పెట్టాలి, పెద్దవాళ్ల ఒంటికి కలిపి బెల్టు కట్టాలి, నలభై దాటి నడపకూడదు అని నిబంధన వచ్చింది. చాలా మంచి నిబంధన. మా రోజులు మంచివని నేను ఎంత గింజుకున్నా ఈ విషయంలో మీ రోజులే మంచివి. మరి ఆ మంచి రోజుల్లో ఉండి మీరు చేస్తున్నదేమిటి? జగదాంబ దగ్గర గంటసేపు నిలబడి చూశాను. నాన్నకి హెల్మెట్, ముందు నిలబడ్డ పిల్లకి ఉత్త తల.

ఆడవాళ్లకి బస్సు ఉచితం అయింది కదా, 2025 ఆగస్టు 15 నుంచి. తల్లికీ టిక్కెట్టు లేదు, అయిదేళ్ల లోపు పిల్లకీ లేదు. మా ఆవిడ అది చూడకుండానే పోయింది. చేతిలో చిల్లర లెక్కపెట్టుకుని, ఇద్దరు పిల్లల్ని వేసుకుని, వచ్చేటప్పుడు డబ్బులు మిగల్చడానికి రెండు స్టాపులు నడిచేది మనిషి. ఇప్పుడుంటే రోజూ పిల్లల్ని తీసుకుని సింహాచలం వెళ్లొచ్చేది. బస్సుల్లో రద్దీ పెరిగిందని విసుక్కుంటారేమిటి? తల్లులు బయటికొస్తున్నారని అర్థం. రద్దీకి మందు ఇంకో బస్సు వెయ్యడం. ఆ మెట్టు కాస్త కిందికి దించడం. చంకలో పిల్లతో అంత ఎత్తు మెట్టు ఎక్కడం ఎలాగో దాన్ని తయారుచేసినవాళ్లు ఒక్కసారి ఎక్కి చూస్తే తెలుస్తుంది.

మళ్లీ బీచికే వస్తున్నా. మా పిల్లలకి అక్కడ చూడ్డానికి ఇన్ని లేవు. కుర్సుర జలాంతర్గామిని జనానికి తెరిచింది 2002లో, దానికెదురుగా టీయూ 142 విమానం వచ్చింది 2017లో. మాకున్నది ఇసక, డాల్ఫిన్ నోస్ కొండ, పోర్టులోకి వంతు వచ్చేదాకా సముద్రంలో లంగరేసి ఆగిన ఓడలు. ఎన్ని ఓడలున్నాయో లెక్కపెట్టి చెప్పిన వాడికి ముందు మురీ మిక్చర్. 28 నంబరు బస్సు దిగి పిల్లల చేతులు వదిలేస్తే వాళ్లు రోడ్డు దాటి ఇసకలో పడేవారు.

ఇప్పుడు చెయ్యి వదలగలిగేది పొద్దున్నే. ఆ రోడ్డు మీద తెల్లవారుజామున కొన్ని గంటలు బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్ల కోసం. ఇది మా రోజుల్లో లేదు, ఈ ఊరు చేసిన మంచి పనుల్లో ఇదొకటి, నేనూ రోజూ నడుస్తాను. అయితే ఆ వేళకి అక్కడ ఉండేది ఎవరు? నాలాంటి ముసలాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, పరుగులెత్తే కుర్రాళ్లు. పిల్లలు నిద్రలో ఉంటారు. నా తోటివాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, అడిగేస్తున్నాను. మాకిచ్చిన ఆ గంటల్లోంచి ఒకటి తీసి సాయంత్రానికి మార్చండి. వారం పొడుగునా వద్దు, ఆదివారం చాలు. అయిదు నుంచి ఆరు దాకా, కాళీ గుడి నుంచి బీచి రోడ్డు మీది పార్కు దాకా, ఒక్క బండి లేకుండా. బండి మీద వచ్చేవాళ్లు చుట్టూ తిరిగి వెళతారు, పొద్దున్న వెళుతున్నారు కదా. ఎవరికి రాయాలో చెప్పండి, అర్జీ నేను రాస్తాను. సంతకాలు మీరు పెట్టించండి, ఆ ఫోను అందుకైనా పనికొస్తుంది. ఈ లోపల వచ్చే ఆదివారం కారు పిలవకండి. పిల్లాణ్ణి మధురవాడ స్టాపుకి తీసుకురండి, సంచి నేను పట్టుకుంటాను.