మూడు బుట్టల ముచ్చట

తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారా అని అడిగితే కాదన్న ఇల్లు లేదు. సర్వేకొచ్చిన అమ్మాయికి మంచినీళ్లిచ్చి మరీ ఒప్పుకుంటారు. తడి, పొడి, ప్రమాదకరం అని ఇంట్లోనే మూడుగా విడదీయాలని 2016లోనే కేంద్రం నిబంధన పెట్టింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ‘క్లాప్’ పేరుతో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలొచ్చాయి. ఆకుపచ్చదాంట్లో బియ్యం పోశారు. నీలందాంట్లో విడిచిన బట్టలు, ఎర్రదాంట్లో ఉల్లిపాయలు. మనకు వేరు చేయడం రాదని ఎవరన్నారు?

బుట్టల వెంటే వచ్చిన చెత్త పన్ను వద్దని అందరూ ఒక్కటయ్యారు, అదీ పోయింది. మిగిలింది చెత్త. పెళ్లి సంబంధమంటే శాఖ, ఉపశాఖ, గోత్రం దాకా ఏరే ఇళ్లలోనే సాంబారు మెతుకులకీ, డైపరుకీ, పగిలిన ట్యూబులైటుకీ ఒకే కవర్లో కాపురం!

“అన్నీ కలిపేశారేంటమ్మా?” అంటుంది బండి దగ్గరి కార్మికురాలు.

“మీరు బండిలో ఎలాగూ కలిపేస్తారుగా!”

ఈ మాట కొన్ని ఊళ్లలో నిజమే, అదే మనవాళ్లకు కొండంత అండ. ఆమె మాత్రం గ్లౌజుల్లేని చేత్తోనే గాజుముక్కలు ఏరుతోంది. గేటు లోపలి నుంచి మరో కేక: “కాస్త త్వరగా కానీ, కంపు కొడుతోంది!”