ఆరడుగుల పెళ్లికొడుకులు

అమలాపురంలోనో పాలకొల్లులోనో పొద్దున్నే ఏ టీ బడ్డీ దగ్గరైనా నిలబడండి. ఉమ్మడి పౌరస్మృతి మీద మన పెద్దమనుషుల ఆవేశం వినొచ్చు. "వాళ్లకి నాలుగు పెళ్లిళ్లేంటండీ, ఆయ్! దేశమంతటికీ ఒకటే చట్టం ఉండాలండీ!" ఉత్తరాఖండ్‌లో 2025 జనవరిలో అమల్లోకొచ్చిన చట్టం వాళ్లకు కంఠతా వచ్చు. గ్లాసు దించి బండెక్కుతారు. ఆ బండి ఇవాళ పెద్దింటికి తిరుగుతుందో చిన్నింటికి తిరుగుతుందో బడ్డీవాడికి వారాలతో సహా తెలుసు.

ఒక్కటే పెళ్లి అనే చట్టం వీళ్ల నెత్తిన ఏనాడో కూర్చుంది. గోదావరి జిల్లాలు మద్రాసు కింద ఉన్నప్పుడే, 1949లో, హిందువులకు రెండో పెళ్లి నేరమైంది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఫలితమా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మా ఆయనకు ఇంకో భార్య ఉందని చెప్పినవాళ్లు ముస్లిం మహిళల్లో నూటికి 1.9 మంది, హిందూ మహిళల్లో 1.3 మంది. అక్కడ అనుమతి, ఇక్కడ ఏడేళ్ల జైలు. తేడా మాత్రం నూటికి ఒక మనిషి కూడా లేదు. అదీ, భార్య అని పైకి ఒప్పుకున్న లెక్క.

మరి జైళ్లు ఎందుకు నిండలేదు? మహారాష్ట్ర నుంచి వచ్చిన లోఖండే కేసులో 1965లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: రెండో పెళ్లి శాస్త్రోక్తంగా జరిగితేనే నేరం. హోమం, సప్తపది రుజువు కావాలి. తీర్పు చదవకుండానే మనవాళ్లకు సారం ఒంటబట్టింది. గుళ్లో దండలు మార్చుకోండి, పసుపుతాడు కట్టండి, ఫొటో తీయించుకోండి, ఊరందరికీ భోజనాలు పెట్టండి. ఆరో అడుగు దగ్గర మాత్రం ఆగండి. ఆగినవాడు చట్టం కంటికి సాక్షాత్తూ శ్రీరామచంద్రుడే!

ఆ వేయని ఏడో అడుగు ఖరీదు చిన్నింటి ఆవిడ కడుతుంది. ఆయన పోయిన రోజున ఆవిడ భార్యా కాదు, వితంతువూ కాదు. ఆస్తిలో వాటా లేదు, పింఛనుకు సంతకం లేదు. ఆ ఇంటి పిల్లలకు తండ్రి వాటాలో హక్కుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, అంతవరకు నయం. తల్లి మాత్రం దినం భోజనాల్లో ఏ వరసలో కూర్చోవాలో తెలీక పెరట్లో నిలబడుతుంది.

ఊరికి ఇదేం పట్టదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు గౌరమ్మ అనే బాలవితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో పెళ్లి చేస్తే ఊరు ఊగిపోయింది, వెలివేతలు మొదలయ్యాయి. మొగుడు పోయిన పిల్లకు ఒక్క మొగుడంటే అంత కోపం! ఇంట్లో పెళ్లాం ఉండగా ఇంకొకత్తెను తెచ్చుకున్నవాణ్ణి అదే ఊరు పంక్తిలో ముందు కూర్చోబెట్టింది.

మన కోరుమామిడి నుంచి వెళ్లిన ఇ.వి.వి. సత్యనారాయణ గారు 'ఏవండీ ఆవిడ వచ్చింది', 'ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు', 'ఆవిడా మా ఆవిడే' తీసి హాలంతా నవ్వించారు. కొందరు వాటిని శిక్షణ తరగతులుగా చూసినట్టున్నారు. ఇంకా నిలదీస్తే, "వెంకన్నకే ఇద్దరండీ" అంటారు. నిజమే. ఆ స్వామి పెళ్లికి చేసిన అప్పే ఇంకా తీరలేదన్న సంగతి మాత్రం చెప్పరు.

అన్నిటికన్నా ముద్దొచ్చే మాట: "మా ఆవిడకి అభ్యంతరం లేదండీ." పుట్టింటి తలుపు మూసుకుపోయి, చేతిలో రూపాయి లేక, ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషికి అభ్యంతరం ఎక్కడ పెట్టుకునే చోటుంది? ఆవిడ నోరు మెదపలేదన్న సంగతి మన రాష్ట్రానికి కూడా అర్థమైనట్టుంది. 1992లో చట్టాన్ని సవరించి, ఈ నేరానికి వారెంటు లేకుండానే అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చింది. ఆ సవరణ పనిచేసిన ముప్ఫై ఏళ్లలో ఎస్సైగార్లు చిన్నింటికి రాకపోలేదండోయ్. గృహప్రవేశానికి వచ్చారు, పూతరేకులు బాగున్నాయని మెచ్చుకున్నారు.