తెగిన బోల్టు, తెగని పంచాయితీ

ఆకివీడులో మనుషులు క్యాను నీళ్ళు తాగుతారు, కార్లు బోరు నీళ్ళు తాగుతాయి. కొల్లేటి నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవడం ఆనవాయితీ. ఎండలు ముదిరాయంటే సముద్రమే ఉప్పుటేరు వెంట ఎదురొస్తుంది. ఇక మా వైపు బోర్ల సంగతి చెప్పాలా! ఆ నీళ్ళతో కాఫీ కలిపిస్తే చుట్టాలు మళ్ళీ గడప తొక్కరు. అవే నీళ్ళు రేడియేటర్లో పోస్తే ఇంజను కిక్కురుమనదు. అన్నీ మనసులో పెట్టుకుంటుంది.

నాకు పాత కారు అమ్మినాయన కూలెంటు కొనడం దుబారా అనుకునే రకం. థర్మోస్టాట్ మారుద్దామని మేస్త్రి దాని మూత బోల్టుకి పానా వేశాడు. బోల్టు కాసేపు మొండికేసి, ఉన్నట్టుండి వెన్నలా తిరిగింది. నేను సంతోషించాను. మేస్త్రి మొహం మాడిపోయింది. అంత సుఖంగా తిరిగిందంటే ఊడుతున్నట్టు కాదట, తెగుతున్నట్టట. ‘టక్’మంది. తల పానాలో, మొండెం ఇంజన్లో.

హెడ్డు అల్యూమినియం, బోల్టు ఉక్కు. మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే బ్యాటరీ కిందే లెక్క. అల్యూమినియం కొంచెం కొంచెంగా హరించుకుపోయి, తెల్లటి పొడిగా మారి, మరల్లో బిగుసుకుంటుంది.

మా ఊళ్ళో పెళ్ళికైనా పిలవాలిగానీ తెగిన బోల్టుకి పిలవక్కర్లేదు. అరగంటలో షెడ్డు నిండింది. కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలెయ్యమన్నారొకరు. రొయ్యలకి రేటు బాగున్న వారం కాబట్టి, “ఇంజనే మార్చేయండి మాస్టారూ” అన్నాడో చెరువు రైతు. ఇంకొకాయనకి 2006లో కొల్లేట్లో చేపల చెరువులు కొట్టేసిన నాటి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. “అయిదో కాంటూరు లోపలని చెప్పి మా గట్లన్నీ ప్రొక్లెయిన్లతో లేపేశారండి. వేలెడంత బోల్టు తియ్యలేరా?” అన్నాడు. మేస్త్రి ప్రొక్లెయిన్ వద్దన్నాడు.

ఓ కుర్రాడు ఎక్కడినుంచో ఈజీ ఔట్ పట్టుకొచ్చాడు. బోల్టుకి నడిమధ్య బెజ్జం వేసి, ఎడమ మరల ఈ పుల్లని దిగగొట్టి తిప్పితే బోల్టు బయటికి రావాలి. పేరులో ఉన్న సులువంతా పేరులోనే ఉంది. గట్టి ఉక్కు కదా, వంగదు, పుటుక్కున విరుగుతుంది. లోపల విరిగిందా, మామూలు డ్రిల్లు బిట్టు దానిమీద జారుతుందేగానీ దిగదు. అప్పుడిక విద్యుత్ రవ్వలతో లోహాన్ని తొలిచే యంత్రమే గతి. ఆ పద్ధతి 1943లో సోవియట్ దేశపు లాజరెంకో దంపతులు కనిపెట్టారు. ఆలుమగల మధ్య నిప్పురవ్వలు మనకీ కొత్త కాదుగానీ, వాటితో ఇనుముకి బెజ్జం పడుతుందని మనవాళ్ళెవరికీ తట్టలేదు.

“ఆ ఈజీ ఔట్ దాచెయ్యండి బాబూ” అని మేస్త్రి వెల్డింగు వాణ్ణి పిలిపించాడు. మూత తీసి, మొండెం మీద వాషరు, దానిమీద నట్టు పెట్టి, నట్టు బెజ్జంలోంచి వెల్డింగు కొట్టించాడు. ఉక్కు ముద్ద అల్యూమినియానికి అంటుకోదు, నట్టుకీ బోల్టుకీ మాత్రమే అతుక్కుంటుంది. ఆ వేడికి బోల్టు ఉబ్బి, చల్లారుతూ ముడుచుకుంటే తెల్లపొడి పట్టు సడలుతుంది. జనం “తిప్పు, తిప్పు” అంటూనే ఉన్నారు. “ఎర్రగా ఉన్నప్పుడు తిప్పితే మళ్ళీ తెగుద్దండి” అంటూ మేస్త్రి బీడీ వెలిగించాడు.

ఎరుపు తగ్గాక, పడవ ఇంజన్ల దగ్గర జుట్టు నెరిసిన ఓ తాత ముందుకొచ్చి కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి ఇంకిపోయింది. మేస్త్రి పానా వేసి అటు పిసరంత, ఇటు పిసరంత ఆడించాడు. కీచుమంది. తెల్లపొడి రాలుస్తూ బోల్టు బయటికొచ్చింది.

అందరికీ టీలు చెప్పాను. సలహా ఇచ్చినవాళ్ళంతా తమ సలహా వల్లే వచ్చిందన్నారు, ఇంజన్ మార్చమన్నాయనతో సహా. గ్లాసులు కింద పెట్టి లేవబోతుండగా మేస్త్రి ఇంజను పక్కకి వంగి, టార్చి వేసి చూసి, “వాటర్ పంపు కూడా కారుతోందండి మాస్టారూ” అన్నాడు. “దానికీ బోల్టులున్నాయండి.”

లేచినవాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు.