వినే ఉద్యోగం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగులు 2022 నుంచి 62 ఏళ్లకు రిటైరవుతున్నారు. రిటైరైన మర్నాటి నుంచి మనిషికి మిగిలేవి రెండే: పింఛను, సలహాలు. పింఛను నెలకోసారే వస్తుంది. సలహాలు పొద్దున కాఫీతో మొదలై రాత్రి బీపీ మాత్ర వేసుకునేదాకా వస్తూనే ఉంటాయి. మొదటిదాని కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. రెండోది మొదలవగానే ఎవరి గదిలోకి వాళ్లు జారుకుంటారు.

పార్కులో మా సిమెంటు బెంచీ బృందానిదీ ఇదే బాధ. ఒకాయన ట్రెజరీలో చేశారు, ఇంకొకాయన తహశీల్దారు, మరొకాయన గూడ్సు రైలు గార్డు. నేను బ్యాంకు. దేశాన్ని ఎలా నడపాలో నలుగురికీ తెలుసు. అడిగే నాథుడే లేడు. అలాంటి సమయంలో హైస్కూలు హెడ్మాస్టరు గారు వాకింగులో తగిలి విద్యాంజలి సంగతి చెప్పారు. కేంద్రం 2016లో మొదలుపెట్టి, 2021లో కొత్త పోర్టల్‌తో మళ్లీ తెచ్చిన పథకం అది. బడి తనకేం కావాలో అందులో పెడుతుంది. చేయగలిగినవాళ్లు పేరు నమోదు చేసుకుని వస్తారు. రిటైరైనవాళ్లూ రావచ్చు. జీతం లేదు.

"జీతం పోతే పోయింది, వినేవాళ్లుంటారా?" అన్నారు తహశీల్దారు గారు.

"తరగతికి నలభైమంది. బెల్లు కొట్టేదాకా ఎక్కడికీ పోలేరు" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఓటీపీ రాకముందే మా ముఖాలు వెలిగిపోయాయి.

సర్వీసు పోయినా అలవాటు పోదు కదా. ఒంటికి వెళ్లొస్తానన్న పిల్లాణ్ణి తహశీల్దారు గారు అర్జీ రాసుకురమ్మన్నారు. వాడు రాసుకొచ్చేసరికి విషయం తనంతట తానే పరిష్కారమైపోయింది. గార్డు గారు మధ్యాహ్న భోజనం లైను తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన ఈల వేసి పచ్చ రుమాలు ఊపితేగానీ ఒక్క పళ్లెమూ కదలదు. సాంబారు చల్లారినా సరే, లైను క్లియరు కావాలి. ఇక ట్రెజరీ ఆయన. జీవితమంతా బిల్లులకు కొర్రీలు వేసిన చెయ్యి. ఆవు మీద వ్యాసం రాసుకొచ్చిన పిల్లాడి నోట్సు మార్జిన్లో ఎర్రసిరాతో, "ఆవు పాలిచ్చుననుటకు ఆధారము జతపరచలేదు. సరిచేసి తిరిగి సమర్పించవలెను" అని రాసి వెనక్కి పంపారు.

వారం తిరక్కుండానే హెడ్మాస్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "అయ్యా, చెప్పడానికి మాకు జీతాలిస్తున్నారు. మీరు వినండి, చాలు" అన్నారు.

అందులో నిజం ఉంది. అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లె ప్రాంతాల ప్రభుత్వ బళ్లలో, మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2024లో 23.4 శాతమే. అక్కడ తడబడినవాళ్లే ఆరో తరగతికొచ్చి వెనక బెంచీలో సర్దుకుంటారు. పక్కన కూర్చుని, పైకి చదువుతుంటే వినే మనిషి ఒకరు కావాలి వాళ్లకి. అమ్మానాన్నలు తెల్లారకుండా కూలికి పోతారు. టీచర్లకు సిలబస్సు ఒకవైపు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు మరోవైపు. ఊళ్లో పనీపాటా లేనిది మాకే. ఖాళీని అర్హతగా గుర్తించిన ఉద్యోగం నాకు తెలిసి ఇదొక్కటే.

అయితే, వినడం కంటే కష్టమైన పని బ్యాంకులో కూడా చేయలేదు. నా వంతుకొచ్చిన ఆరో తరగతి పిల్ల అక్షరం కింద వేలు పెట్టి చదువుతుంది. "శా... స్త్ర..." దాకా వచ్చి, జ్ఞ దగ్గర వేలు ఆగింది. పెదవులు కదుపుతోంది గానీ శబ్దం లేదు. నాకేమో గొంతులో దురద. చెప్పెయ్యమని ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు లోపల్నుంచి పొడుస్తోంది. చొక్కా గుండీ పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఒకసారి "గ" అంది, ఒకసారి "జ" అంది, తల గోక్కుంది, చివరికి "శాస్త్రజ్ఞుడు!" అని బల్ల గుద్దింది.

ఆ వెంటనే, "అంటే ఎవరు తాతగారూ?" అంది.

అడిగాక చెప్పకపోతే తప్పు. యల్లాప్రగడ సుబ్బారావు గారితో అందుకున్నాను. ఆయన 1895లో భీమవరంలో పుట్టడం పూర్తయ్యేసరికి బెల్లు కొట్టేశారు. వక్తల బారి నుంచి పిల్లలకు మన విద్యావ్యవస్థ కల్పించిన రక్షణ ఆ బెల్లే.

పెద్దవాళ్లు ఇలా బడికి పోవడం మనం కనిపెట్టిన సంగతేం కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఎక్స్‌పీరియన్స్ కోర్ అని, 60 దాటినవాళ్లు వారానికి 15 గంటలు ప్రాథమిక బళ్లలో పిల్లల పక్కన కూర్చున్నారు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూస్తే, అంతకుముందు పెద్దగా కదలని పెద్దవాళ్లలో కదలిక పెరిగిందట. మా ఆవిడకు ఇది చదివి వినిపించాను. ఆరోగ్యం సంగతి ఆవిడ పట్టించుకోలేదు. "15 గంటలు ఇంట్లో ఉండరన్నమాట! ఏమండీ, మీరు ఇరవై చేయండి" అంది.

బృందంలో అందరికంటే ఎక్కువ మెత్తబడ్డది ట్రెజరీ ఆయనే. మొన్న ఆవు వ్యాసం పిల్లాడు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆధారం జతపరిచాడు: వాళ్లమ్మ పాలకేంద్రంలో పాలు పోసే పుస్తకం. ఆయన కళ్లద్దాలు సవరించుకుని పొద్దు, మాపు లెక్కలన్నీ సరిచూసి, వ్యాసం కింద "పాస్ ఫర్ పేమెంట్" అని రాసి సంతకం పెట్టారు.

పిల్లాడు అక్కణ్ణుంచి కదల్లేదు. "మరి డబ్బులు తాతగారూ?" అన్నాడు.

ఆయన జేబులు తడుముకుని ఒక పల్లీచిక్కీ తీసి ఇచ్చారు. ఆయన సర్వీసు మొత్తంలో బిల్లు పాసైన రోజే పార్టీకి సొమ్ము ముట్టడం ఇదే మొదలట.