ఏమి జరుగ దందు: ఒక ఆటవెలదికి ఇన్వర్టరు వ్యాఖ్య

మూలం

ఏమి జరుగ దందు నేల చూచెదవురా
నిద్ర లేచి పళ్ళు నీట తోమి
బడికి బోయి యాడి బస్సెక్కి వచ్చిరి
కథయె లేని దేల కన్నతండ్రి!

అవతారిక

ఈ పద్యం ఏ.ఎస్. రావు నగర్‌లో, రాధికా థియేటరుకు కూతవేటు దూరంలో, ఒక అపార్ట్‌మెంటు హాల్లో పుట్టింది. కర్త ఒక తల్లి. ఆమె వచనంలో అన్నదాన్ని వ్యాఖ్యాత ఆటవెలదిలో కూర్చాడు. గణాలు అతనివి, కోపం పూర్తిగా ఆమెది. సందర్భమేమంటే, ఇంటర్ రెండో సంవత్సరం కుమారుడు ఆదివారం భోజనమయ్యాక ఫిజిక్స్ పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని టీవీలో జపాను బొమ్మల హాస్యం చూస్తున్నాడు. ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె పలికింది.

దేశకాలాలు చెప్పడం మర్యాద గనుక చెబుతున్నాం. 1967లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని స్థాపించి నడిపిన అయ్యగారి సాంబశివరావుగారి పేరే ఈ పేటకు పెట్టారు. ఆ సంస్థ ఒకప్పుడు టీవీలు కూడా చేసి అమ్మింది. అంటే ఈ కాలనీ తాతల్లో కొందరు తెరమీద బొమ్మ ఎలా నిలవాలో లెక్కలు కట్టినవాళ్లు. నిలిచిన బొమ్మ ఏ పనీ చేయకుండా కూర్చుంటే ఏం చేయాలన్నది వాళ్ల లెక్కలోకి రాలేదు.

కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వారు. మూలంలో ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన నియమం పెట్టుకున్నారు. రెండో నియమం పాటిస్తే ఈ వ్యాఖ్యే ఉండదు కనుక మేము మొదటిదానితో సరిపెట్టుకున్నాం. వారిది ప్రాణం పోసే సంజీవని. మాది కరెంటు పోయినా ఫ్యాను తిరగడానికి మాత్రం పనికివచ్చేది. అందుకే దీనికి ఇన్వర్టరు అని పేరు.

ప్రతిపదార్థం

అందు = దానిలో. దేనిలో? ఇక్కడ వ్యాఖ్యాతలకు పేచీ ఉంది. 2011లో క్యోటో యానిమేషన్ వారు తీసిన 'నిచిజో' అని కొందరంటారు. అందులో హెడ్మాస్టరు జింకతో కుస్తీ పడతాడు, పిల్లి మాట్లాడుతుంది. వీపున తాళంచెవి ఉన్న మరమనిషి పిల్ల ఆ చెవి ఊడిపోయి తనూ అందరిలాంటి అమ్మాయినైతే చాలని ఏడుస్తుంది. ఇది ఉత్తమ కృతి అని మాకూ తెలుసు. కానీ మూలంలో 'బస్సెక్కి' అని ఉంది. కిండర్‌గార్టెన్ బస్సు ఒక పాత్రలా తిరిగేది షించాన్‌లో. ఆ పిల్లవాడు పొద్దున ఆ బస్సును తప్పకుండా తప్పిస్తాడు, వాళ్లమ్మ సైకిలు మీద మోసుకుపోతుంది. కనుక బస్సనే గుర్తును బట్టి 'అందు' అంటే షించాన్ అని సిద్ధాంతం.

ఉసుయి యోషితో 1990లో మొదలుపెట్టిన బొమ్మల కథ ఇది. 1992లో టీవీకెక్కి, 2006లో హంగామా ఛానెల్ దారిన మన ఇళ్లకు వచ్చింది. 2008లో, పిల్లలు పాడైపోతున్నారన్న గోల మధ్య, ఇక్కడ ప్రసారం కొన్నాళ్లు ఆగింది కూడా. ఇప్పుడు వాడు శుభ్రంగా తెలుగులోనే వాళ్లమ్మను ఏడిపిస్తున్నాడు. ఊరు కసుకబే, టోక్యోకు ఉత్తరాన, ఉద్యోగులు రైలెక్కి పనికి పోయే శివారు. మనకు ఈసీఐఎల్ చౌరస్తా ఎలాగో అలాగ.

నీట తోమి = నీళ్లతో తోముకుని. పేస్టు యతికి బలైంది.

కన్నతండ్రి = ఓ నా నాయనా. ఈ పేటలో పరీక్షల ముందు తల్లులు వాడే సంబోధన. ఫలితాల తరవాతిది వేరే ఉంది, ఛందస్సుకు ఒదగదు.

ఏమి జరుగదు = ఏమీ జరగదు. ఇది లోకం తీసుకునే అర్థం. 'ఏమి జరుగదు?' అని ప్రశ్నగా విడదీస్తే, జరగనిదేముంది, అన్నీ జరుగుతాయి అని రెండో అర్థం. కవయిత్రికి ఈ శ్లేష తెలియదు. గొప్ప కవుల విషయంలోనూ ఇలాగే అవుతుంది.

విశేషాలు

'కథయె లేని' దన్న నింద నిలవదు. ఈ జాతి హాస్యంలో చాలా భాగం జపాను పత్రికల్లోని నాలుగు గళ్ల బొమ్మల నుంచి వచ్చింది. హాసెగావా మచికో 'సజాఎ-సాన్' అలాంటిదే. 1946లో పత్రికలో మొదలై, 1969 నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం టీవీలో ఇంకా వస్తూనే ఉంది. మొదటి గడిలో ఎత్తుకోవడం, రెండోదానిలో కొనసాగించడం, మూడోదానిలో పక్కకు తిప్పడం, నాలుగోదానిలో ముడివేయడం అక్కడి పద్ధతి. అది చీనా దేశపు నాలుగు పాదాల పద్యం నుంచి దిగిన లక్షణం. అందులో ఎవడూ ఎవణ్నీ ఓడించనక్కర్లేదు. శత్రువు లేని కథ కథే కాదని మనకు సినిమా నేర్పింది గాని, ఆటవెలది ఎప్పుడు నేర్పింది? మూల పద్యం మూడో పాదంలో బస్సు రావడం చూడండి. తల్లి తిడుతూ తిడుతూ అదే లక్షణం పాటించింది.

ఇక రసం. భరతుడు నవ్వును ఆరు రకాలుగా చెప్పాడు. పెదవి దాటని స్మితం నుంచి ఒళ్లు ఊగిపోయే అతిహసితం దాకా. మొదటి రెండూ ఉత్తములకు, చివరి రెండూ అధములకు అన్నాడు. షించాన్ ప్యాంటు జార్చి డాన్సు చేసేటప్పుడు ఏ తరగతి నవ్వు వస్తుందో చెప్పనక్కర్లేదు. కానీ వాళ్ల నాన్న హ్యారీ ఆఫీసు నుంచి వచ్చి మేజోళ్లు విప్పి, చల్లని బీరు పోసుకుని, ఇంటి లోను ఇంకా 32 ఏళ్లుందని గుర్తు తెచ్చుకున్నప్పుడు వచ్చేది స్మితం. ఈ పేటలో ఇల్లు కొన్నవాళ్లకైతే దానిలో కొంచెం కరుణ కలుస్తుంది. ఈ రెండో నవ్వు కోసమే ఇంటర్ కుర్రాడు చూస్తున్నాడని మా వాదం. మొదటిది అయిదో తరగతిలోనే అయిపోయింది.

శంక: ఈ నవ్వే కావాలంటే బాల్కనీలోకి వెళ్లవచ్చు కదా. పాలప్యాకెట్ల బుట్ట, గ్యాసుబండ దొర్లే చప్పుడు, వాచ్‌మన్ పిల్లల తగువు, కుషాయిగూడ బస్సు, అన్నీ ఉచితం. కసుకబే దాకా ఎందుకు?

సమాధానం: బాల్కనీలో ట్యాంకు పొర్లితే ఇతడే లేచి మోటారు కట్టెయ్యాలి. తెరలో పొర్లితే షించాన్ వాళ్లమ్మ మిట్సీ చూసుకుంటుంది. ఆలంకారికులు సాధారణీకరణం అన్నది దీన్నే. ఎవరి దుఃఖమూ ఎవరి పనీ ప్రత్యేకంగా మనది కాకపోవడం. అప్పుడే రుచి తెలుస్తుంది. మునిమాణిక్యం కాంతాన్ని చదివి మన తాతలు మురిసింది తమ ఇంట్లో కాంతం లేకనా? ఉంది, వంటింట్లోంచి పిలుస్తూనే ఉంది. పుస్తకంలోని కాంతం పిలిస్తే లేవనక్కర్లేదు, అంతే.

పైగా కాలం. షించాన్ 1992 నుంచీ అయిదేళ్లవాడే. హ్యారీ లోను ఒక్క కిస్తీ తగ్గదు. ముళ్లపూడి వారి బుడుగు కూడా పెరగకుండానే ఇన్నాళ్లూ మనతో ఉన్నాడు. కానీ ఈ పేటలో అయిదేళ్లవాడు అయిదేళ్లు దాటకుండా ఉండడం ఎవరూ ఒప్పుకోరు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషను, ఆ తరవాత వారం వారం టెస్టు, టెస్టు తరవాత ర్యాంకు మెసేజి అమ్మ ఫోనుకి. మన ఇంటర్ కుర్రాడి ఆదివారాలన్నీ ఏదో ఒక ఫలితం వైపు నడుస్తున్నవే. ఏ ఫలితం వైపూ నడవని 20 నిమిషాలు అతనికి ఆ తెరలోనే దొరుకుతున్నాయి. ఏమీ జరగకపోవడం అక్కడ లోపం కాదు, సరుకే అది. కత్తులూ రాక్షసులూ ఉన్న జపాను సినిమాలు ఇప్పుడు తెలుగులో థియేటర్లకే వస్తున్నాయి, కుర్రవాళ్లు ఎగబడి చూస్తున్నారు. వాటిలో మళ్లీ పోటీయే, మళ్లీ ర్యాంకులే. వాటిని మేము కాదనం. ఆదివారం మధ్యాహ్నానికి పనికిరావు, అంతే.

తాత్పర్యం

నాయనా, అందులో ఏమీ జరగడం లేదు, ఎందుకు చూస్తావు అని తల్లి అడిగింది. కాని నిద్ర లేచారని, పళ్లు తోమారని, బడికి పోయారని, ఆడారని, బస్సెక్కి వచ్చారని ఆమె వరస తప్పకుండా చెప్పింది. వచ్చిరి అన్నది భూతకాల క్రియ. కనుక ఆ భాగం మొదటి నుంచి చివరి దాకా కవయిత్రి నిలబడి చూసిందని అనుమాన ప్రమాణం వల్ల తేలుతోంది. బట్టలు ఇంకా మడతపెట్టలేదని కూడా.

పాఠాంతరం

తరవాతి ఆదివారం నాటి ప్రతిలో మొదటి పాదం 'ఏమి జరుగ దందు నించుక జరుగురా' అని కనిపిస్తోంది. ఇంచుక జరుగు = సోఫాలో కొంచెం అటు జరుగు. యతి కుదిరింది, గణాలు సరిపోయాయి, ఇద్దరికీ చోటూ సరిపోయింది. ఫిజిక్స్ పుస్తకమే టీపాయి మీదికి మారింది.