మూడో వరస

"ఆ డొక్కు ఇంకా ఎందుకండీ?" మా అబ్బాయి ఏడు సీట్ల వ్యాను కొన్నప్పట్నుంచీ వీధిలో అందరిదీ ఇదే పలకరింపు. డొక్కంటే మా మారుతి 800.

కొత్తదాని కంపెనీ పేరు చెప్పను. గొప్ప బండే, కాదనను. కానీ సత్యనారాయణపురం సందులో దాన్ని తిప్పాలంటే ఒకరు దిగి, ఎదురింటివారి స్కూటరు జరిపించి, "రానీ, రానీ, ఆపు!" అని అరవాలి. వెనక పూలకుండీ ఉన్నా, పిల్లి ఉన్నా అది ఒకే రకంగా కుయ్యోమంటుంది. 800 పొడవు 3335 మిల్లీమీటర్లు, ఇంజను 796 సీసీ. ఆటో పట్టే చోటల్లా పట్టేది. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు సాక్షాత్తూ ఇందిరాగాంధీ అందించారు. మా కోడలితో ఈ మాటంటే "దేనికీ? ఇంత బండికా?" అంది.

సరే, మూడో వరస సంగతికొద్దాం. మధ్య సీటుకో మీట ఉంటుంది. అది లాగితే సీటు ముందుకు దొర్లుతుంది. ఆ సందులో తల దూర్చి, ఒక కాలు లోపల పెట్టి, రెండోదాన్నేం చెయ్యాలో కాసేపు ఆలోచించుకోవాలి. కూర్చున్నాక మోకాళ్లు గడ్డాన్ని పలకరిస్తాయి. ఇంతకీ అక్కడెవరు కూర్చోవాలి? స్టీరింగు అబ్బాయిది. ముందు సీటు కోడలిది, ఆమెకు వెనకైతే కడుపులో తిప్పుతుంది. మనవడి సీటు మధ్యలో బిగించేశారు. వియ్యపురాలిగారిని వెనక్కి వెళ్లమనడం మర్యాద కాదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులని డాక్టరు రాసిచ్చాడు. నాకెవరూ ఏమీ రాసివ్వలేదు.

అన్నవరం బయల్దేరాం. నా పక్క సీటు మడిచి సామాను పేర్చారు. ఏలూరు రాకముందే ఓ సూట్‌కేసు నా భుజం మీద వాలి నిద్రపోయింది. కాఫీకి ఆగారు. నేను దిగాలంటే ముందు మా ఆవిడ దిగాలి, ఆ తర్వాత మళ్లీ ఆ మీట. "మీకిక్కడికే తెప్పించనా?" అంది ఆవిడ. సరేనన్నాను. కిటికీలోంచి అందుకుందామంటే, మూడో వరస కిటికీ అద్దం దిగదు! కప్పు చేతులు మారి మారి నాదాకా వచ్చేసరికి అడుగున పంచదార మిగిలింది.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. అక్కడ కూర్చుంటే ముందువాళ్ల మాటలు వినబడవు. అందరూ నవ్వుతారు. ఏమిట్రా అంటే, "ఏం లేదు నాన్నా" అంటాడు. నా మాట మధ్య వరస దాటదు. 800లో వెనక గొణిగినా ముందుకు వినబడేది. ఆ వెనక సీట్లోంచే వీడు దారి పొడుగునా ప్రశ్నలు వేసేవాడు. విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పేవాణ్ణి.

800 తయారీ 2014 జనవరిలో ఆపేశారు. మాదానికి పదిహేనేళ్లు నిండాయి, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పొడిగిస్తాను. మీ ఇంట్లో ఎవరైనా ఏడు సీట్ల బండి కొంటానంటే, షోరూములో వాళ్లను ఓ అరగంట మూడో వరసలో కూర్చోబెట్టండి. ధర ఆ తర్వాత అడగమనండి.