ప్రథమచషక వ్యాఖ్యానము

మూలము: "దీపములు వెలిగిన పిమ్మట మా మ్యూజియమునకు రండు. చేత చషకముతో, చెంత నిపుణుని ప్రసంగముతో కళాచరిత్రను ఆస్వాదింపుడు. రుసుములో మొదటి పానీయము చేరియున్నది. వేషము స్మార్ట్ క్యాజువల్. స్థానములు పరిమితములు."

అవతారిక: ఈ వాక్యపంచకము లండను మహానగరమందలి యొకానొక మ్యూజియమువారి ఆహ్వానపత్రములోనిది. అచ్చట ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, "మామయ్యా, నీకు బొమ్మలంటే ప్రాణం గదా, ఇది చూడు" అని నాకు పంపినాడు. మూలము ఆంగ్లము, తెనుగు నాది. మ్యూజియము పేరు చెప్పను. ఇట్టి పత్రములు నేడు పెక్కు నగరములనుండి వెలువడుచున్నవి, ఒకదానికిని వేఱొకదానికిని పానీయముల పట్టికలో తప్ప భేదము కానరాదు. కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యల కారంభమున, ఆధారము లేనిదేదియు వ్రాయననియు, అపేక్షితము కానిదేదియు పలుకననియు ప్రతిజ్ఞచేసి, దానిని నిలుపుకొన్న మహానుభావుడు. అట్టి ప్రతిజ్ఞకు తగిన కాళిదాసు ఆయనకు దొరకినాడు. నాకు దొరకినది ఈ పత్రము. కావున ఆధారము విషయమున ఆ సూరి అడుగుజాడనే నడచి, అనపేక్షితము విషయమున మాత్రము స్వతంత్రించుచున్నాను.

టీక. దీపములు వెలిగిన పిమ్మట: అనగా టిక్కెట్టు కొనని జనమును వెలుపలికి సాగనంపిన పిమ్మట. చిత్రశాలలు పూర్వము సూర్యునితో లేచి సూర్యునితో పవ్వళించెడివి. రాత్రి దీపమనిన మంట, మంటయనిన మసి, ఆ రెండును చిత్రపటములకు మృత్యుదేవతలు. 1857వ సంవత్సరమున లండనులో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియము తెఱవబడినపుడు, దాని యధికారియగు హెన్రీ కోల్ గ్యాసుదీపములు పెట్టించి, రాత్రివేళలందును జనమును లోనికి రానిచ్చు ఆచారమునకు అచ్చట శ్రీకారము చుట్టినాడు. గ్యాసు సెగకు వర్ణములు చెడునేమోయని కొందఱు శంకింపగా, ఆ శంకానివృత్తికై ఒక సంఘము నియమింపబడినది. విద్యుచ్ఛాస్త్రమున అగ్రగణ్యుడగు మైకేల్ ఫారడే యంతటివాడు అందొక సభ్యుడు. ఆ దీపములను కోల్ ఎవరికొఱకు వెలిగించినాడో మూడవ వాక్యమునకు టీక వ్రాయునపుడు చెప్పెదను. నేడు కాగితముపై నీటిరంగుల చిత్రములకును, పాతవస్త్రములకును ఇంచుమించు 50 లక్సులకు మించిన వెలుతురు తగదని సంరక్షకుల నియమము. ఆ వెలుతురులో, ఒక చేత చషకము పట్టుకొని, ప్రక్కవాని మోచేయి తగులకుండ తప్పించుకొనుచు, గోడమీది చీటీని తుదముట్ట చదువగలవాడు యోగసిద్ధుడే కావలయును.

చేత చషకముతో: ఇచ్చట పూర్వపక్షి లేచును. "కళను మధువుతో జతపఱచుట నేరమా? మహాకావ్యమునకు విధించిన అష్టాదశవర్ణనలలో మధుపానమొకటి కాదా? భారవి కిరాతార్జునీయము తొమ్మిదవ సర్గమునను, మాఘుడు శిశుపాలవధము పదవ సర్గమునను పానగోష్ఠులను వర్ణింపలేదా? నాగార్జునకొండ శిల్పములలో కొమ్ముపాత్ర చేతబట్టి, మద్యభాండము ప్రక్కన పెట్టుకొని నిలిచిన గడ్డపు యవనుని సంగతి యేమి?" అని. ఆ యవనుడు శిల్పములో నున్నవాడు, శిల్పమును చూడవచ్చినవాడు కాడు. కావున అతని సాక్ష్యము చెల్లదు. కవుల సాక్ష్యము చెల్లును గాని, అది పూర్వపక్షికి అనుకూలము కాదు. భారవి మాఘుల పాత్రలు త్రాగునపుడు త్రాగుచునే యున్నవి. త్రాగుట చిత్రకళాధ్యయనమని అవి ఎక్కడను బొంకలేదు.

ఈ విషయమున ప్రమాణము వాత్స్యాయనుడు. ఆయన గ్రంథము పేరు వినగానే ముసిముసినవ్వులు నవ్వువారిలో నూటికి తొంబదిమంది నాగరకవృత్తమను ప్రకరణమును చదివియుండరు. పట్టణవాసి పొద్దుపుచ్చుకొను తీరులను ఆయన యందు విడివిడిగా చెప్పినాడు. పక్షమునకో మాసమునకో నియతమైన యొక దినమున సరస్వతీభవనమున సమాజము చేరుట ఘటానిబంధనము. విద్యయందును, బుద్ధియందును, శీలమునందును, ధనమునందును, వయస్సునందును ఈడైనవారు ఒకచోట గూడి కావ్యములను గూర్చియు కళలను గూర్చియు ముచ్చటించుకొనుట గోష్ఠీసమవాయము. ఒకరి యింట నొకరు చేరి మధువు, మైరేయము, సుర, ఆసవము మున్నగు వానిని త్రాగుట సమాపానకము. మూడింటికి మూడు పేర్లు, మూడు సందర్భములు. త్రాగుటను నిషేధింపని ఆ సూత్రకారుడు సైతము గోష్ఠిని గోష్ఠిగాను, పానమును పానముగాను ఉంచినాడు. సమాపానకమున మద్యముతో నంజుకొనుటకు ఉప్పనివియు, పుల్లనివియు, కారపువియు నగు ఉపదంశములను మాత్రము విధించినాడు. మన యాహ్వానపత్రమువారు ఆ యుపదంశస్థానమున కళాచరిత్రను వడ్డించినారు. మద్యమునకు వేయించిన పప్పు ఎట్టిదో, వీరి మద్యమునకు రెంబ్రాంటు అట్టివాడు. గోష్ఠిలో మాటాడువాడు కేవల సంస్కృతమునను గాని, కేవల దేశభాషయందు గాని మాటాడరాదని కూడ వాత్స్యాయనుడు నియమించినాడు. ఆ నియమము ఈ వ్యాఖ్యకు వర్తింపదు. ఇది గోష్ఠి కాదు, కోపము.

చిత్రశాల యన్నంతనే నాకు ఓరుగల్లు జ్ఞప్తికి వచ్చును. ఓరుగల్లు వచ్చిన తరువాత లండను వెనుకబడుట సహజము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, కాదు శ్రీనాథునిదే యని కొందఱు పండితులు పేచీ పెట్టిన క్రీడాభిరామమను వీథినాటకమున, గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఆ నగరమును వీధివీధిని తిరిగి చూచుచుందురు. కోడిపందెములు చూతురు, పొట్టేళ్ల పోరు చూతురు, పూటకూటింట భోజనపు వెల విచారింతురు. ప్రతాపరుద్రుని గోష్ఠిలో పేరుపొందిన మాచల్దేవి యను వేశ్య ఆ దినముననే తన చిత్రశాలకు ప్రవేశోత్సవము చేయుచుండును. ఈ ఘట్టము నేనెన్నిమార్లు చదివినను తనివి తీరదు. రాజుగారి చిత్రశాల కాదు, దేవాలయపు మంటపము కాదు; ఒక వేశ్య కట్టించుకొన్న బొమ్మల యిల్లు. దాని ప్రవేశము ఊరిలో చెప్పుకొనదగిన విశేషము. అందలి గోడలపై పురాణములలోని ప్రణయగాథలు. ఆ చిత్రములను చూచు బ్రాహ్మణునకు గాని సెట్టికి గాని వివరించి చెప్పువాడు అక్కఱలేదు. కథలు వారివే, వారు పుట్టినది మొదలు విన్నవే. యశోధరుడు జయమంగళావ్యాఖ్యలో చెప్పిన చిత్రషడంగములు, అనగా రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అనునవి, మంచనశర్మ వల్లెవేసియుండెనో లేదో కాని, బొమ్మయెదుట నిలిచి బొమ్మను చూచుట యెఱిగినవాడు. ఇక ఆ పూటకూటింటి సంగతి. లక్ష్మణవజ్ఝల వారింట ఒక్క రూకకు కమ్మని బియ్యపన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, పండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు లభించునట. రెండవ వడ్డనకు వేఱు వెల గలదని కవి యెచ్చటను చెప్పలేదు. ఇది చెప్పుటతో నేను మరల మూలమునకు వచ్చితిని.

రుసుములో మొదటి పానీయము చేరియున్నది: 'మొదటి' యనుటచే రెండవది కలదనియు, అది చేరియుండలేదనియు అర్థాపత్తిచే సిద్ధించుచున్నది. ఎఱ్ఱని ద్రాక్షాసవము కొన్ని మ్యూజియములలో నిషిద్ధము, మరక పడునని; తెల్లనిదానికి అనుమతి కలదు. సరస్వతి శ్వేతవర్ణ గావున ఇందు శాస్త్రవిరోధము లేదు.

ఇక హెన్రీ కోల్ దీపములు. పగలంతయు పనిచేసి, వెలుతురు చాలని ఒకటి రెండు గదుల యింటికి చేరు కూలివాడు, జిన్ను దుకాణము త్రోవ పట్టక, మోటుగుడ్డ చొక్కాతోనే, ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని, వెలుగుచున్న మ్యూజియమునకు రావలయునని ఆయన కోరినాడు. సాయంకాలపు మ్యూజియము సారాకొట్టునకు విరుగుడని బహిరంగముగా చెప్పినాడు. ఆయన ఉపవాసవ్రతి యేమియు కాడు, ఆ మ్యూజియమున భోజనశాలయు మొదటినుండి కలదు. కాని రాత్రి దీపము వెలిగించినది పగలు తీరిక లేనివానికొఱకు. ఏ దుకాణమునుండి జనమును మఱల్చుటకు ఈ తలుపు రాత్రివేళ తెఱచిరో, ఆ దుకాణమే నేడు ఈ తలుపులో చొచ్చి, ప్రవేశమునకు రుసుము వసూలు చేయుచున్నది. కోల్ స్థాపించిన ఆ మ్యూజియము, ఇప్పటి విక్టోరియా ఆల్బర్ట్, నెలకొక శుక్రవారము రాత్రి బారును సంగీతమును పెట్టినను, ప్రవేశమునకు మాత్రము పైకము పుచ్చుకొనదని చెప్పుట ధర్మము. నా కోపము త్రాగువారిపై కాదు. పగలు పనికి పోవువానికి మిగిలియున్న ఒక్క సాయంకాలమును చషకములుగా పోసి అమ్ముకొనుచున్నారు, దానిపై నా కోపము. మనవంక చూచినచో ఆ సాయంకాలము కూడ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియము ఐదు గంటలకు మూయుదురు. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొనితెచ్చిన బెంజోనీ శిల్పము, ఆ మేలిముసుగు రెబెక్కా, ఐదున్నరకు ఆఫీసు వదలు గుమాస్తాకు సెలవుదినమున తప్ప దర్శనమీయదు.

చెంత నిపుణుని ప్రసంగముతో: మేనల్లుడు టిక్కెట్టు కొని పోయివచ్చి ఫోనులో చెప్పినది ప్రమాణము. ఇటలీదేశపు ఒక పాతచిత్రమును గూర్చి జీవితమంతయు పరిశోధించిన యొక వృద్ధురాలు, మంచుగడ్డలు గాజులో గలగలలాడు చప్పుడు నడుమ, మాట వినిపింపక మరల మరల చెప్పుచుండగా, వెనుక వరుసవారు రెండవ పానీయమునకై బారువంక జరుగుచుండిరట. "పాపం మామయ్యా, ఆవిడ చెప్పేది ఎంత బాగుందో! కానీ సగం వినపడలేదు" అన్నాడు. ఒక విదుషి పాండిత్యమును హాలులో వాద్యగోష్ఠి స్థానమున నిలిపి, ఆ పని పేరు కళాచరిత్రాస్వాదనమనుట నాకు సహింపరాని దంభము. త్రాగుదురుగాక, ప్రక్కగదిలో త్రాగుదురుగాక. ఆమె పలుకునంతసేపు ఆ గాజు క్రిందపెట్టిన వారి సొమ్మేమి పోయినది!

మా మ్యూజియమునకు: 'మా' అనుటకు ఇచ్చట విచారింపవలసినది కొంత గలదు. పల్నాడు జిల్లాయందలి అమరావతి స్తూపపు పలకలను 1797లో కంపెనీ సైనికాధికారియగు మెకంజీ చూచినాడు. 1845లో మద్రాసు దొరతనపు ఉద్యోగియగు వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపినాడు. అందు పెద్దభాగము 1859లో ఓడనెక్కి లండను చేరినది. చేరిన పిమ్మట ఎవరును పట్టించుకొనకుండిరి. 1867లో వాస్తుచరిత్రకారుడగు ఫెర్గుసన్ వానిని ఒక బండ్లకొట్టమున చూచినాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియము వానికి నెలవైనది. ఊరిలో నున్నపుడు మనవారును ఆ రాళ్లను ఇండ్లకును సున్నమునకును వాడుకొనిరి గనుక, 'మా' యని గొంతెత్తి పలుకుటకు ఇరుపక్షములవారును కొంచెము సంకోచింపవలసినదే.

వేషము స్మార్ట్ క్యాజువల్: స్పష్టము.

స్థానములు పరిమితములు: ఇదియు స్పష్టము.

తాత్పర్యము: పగటివేళ ఉచితముగా చూడదగిన దానిని, రాత్రివేళ వెలకు, తక్కువ వెలుతురులో, ఎక్కువ చప్పుడులో చూపెదము రండని భావము. మ్యూజియములవారికి నా మనవి యొకటే: దీపములు ఆర్పకుడు, ప్రసంగము మానకుడు, కుర్చీలు వేయుడు, బారును ఆవరణకు జరుపుడు. లండనులో నున్న తెలుగువారికి ఒక మాట: బ్రిటిష్ మ్యూజియము ప్రతి శుక్రవారము రాత్రి ఎనిమిదిన్నర వరకు తెఱచియుండును, ప్రవేశరుసుము లేదు, అమరావతి శిల్పములు 33ఎ సంఖ్యగల గదిలో నున్నవి, ఆ గది యంతసేపు తెఱచియుండునో లేదో బయలుదేరుటకు ముందు విచారించుకొనుడు.